నిధులు బడి గడప దాకా రావాలె



2025 పదో తరగతి ఫలితాల్లో మహబూబాబాద్ జిల్లా 99.29 శాతంతో రాష్ట్రంలోనే ఫస్టు నిలిచింది. తండాల బిడ్డలు, వాళ్లకు చెప్పిన సార్లు సాధించిన ఘనత అది. చప్పట్లు కొడదాం. కానీ ఆ శాతాన్ని చూపెట్టి ‘ఇంకేం కావాలె’ అనే నాయకుడుంటే ఒక్కమాట అడగాలె. పదిలో గట్టెక్కించేటందుకు పొద్దుగూకేదాకా స్పెషల్ క్లాసులు పెడతరు. మరి తండా ప్రైమరీ బడిలో మూడో తరగతి పిల్ల తెలుగు వాచకం తప్పుల్లేకుండ చదువుతదా?

బడికొచ్చే పైసల లెక్క చూడుండ్రి. సమగ్ర శిక్ష గ్రాంటు పిల్లల తలలు లెక్కబెట్టి ఇస్తరు. 30 మంది లోపుంటే ఏడాదికి 10 వేలు, 100 మంది దాకా 25 వేలు. పదివేలంటే నెలకు వెయ్యి కూడా పడదు. సుద్దముక్కలు, రిజిస్టర్లు, నల్లా రిపేరు అన్నీ దాంట్లోనే. ప్రైవేటు బడి బస్సు ఊర్లెకొచ్చి పదిమందిని ఎక్కించుకపోతే గ్రాంటు తగ్గుతది. రేషనలైజేషన్ల సారు పోస్టు పోతది. సారు పోయినంక మిగిలినోళ్లు గూడ బస్సెక్కుతరు. బీద బడిని ఇంకింత బీద చేసే లెక్క ఇది.

2022ల ‘మన ఊరు–మన బడి’ అన్నరు. 26,065 బడులకు 7,289 కోట్లని ప్రకటించిండ్రు. సర్కారు మారింది, 2024ల ‘అమ్మ ఆదర్శ’ కమిటీలొచ్చినయ్. పేరు మారినప్పుడల్లా సగం కట్టిన గోడ ఎవరి ఖాతాల పడాలె? అడిగేటందుకు సర్పంచ్ గూడ లేకపాయె. 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబర్ ఎన్నికల దాకా పంచాయతీలు స్పెషలాఫీసర్ల చేతులనే ఉన్నయ్.

2016 అక్టోబర్ 11న పాత వరంగల్‌ను ముక్కలు చేసిండ్రు. జనగామోళ్లు కొట్లాడి జిల్లా తెచ్చుకున్నరు. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల్లో భూపాలపల్లి కాళేశ్వరం జోన్‌ల, మహబూబాబాద్ భద్రాద్రి జోన్‌ల, జనగామ యాదాద్రి జోన్‌ల పడ్డయ్. 2021ల 317 జీవో వచ్చి సీనియారిటీ చూసింది గని స్థానికత చూడలేదు. 610 కోసం కొట్లాడిన మన సార్లకు మన రాష్ట్రంలనే ఇట్ల జరిగింది! సొంతూరికి దూరమైన సారు మనసు బదిలీ మీద ఉంటది, ఆయన్ను తప్పుబట్టలేం.

భూపాలపల్లి సంగతి మరీ ఇచ్చంత్రం. కింద సింగరేణి బొగ్గు, చెల్పూరుల కాకతీయ థర్మల్ కేంద్రం. 2015ల జిల్లా ఖనిజ నిధి పెట్టినప్పుడు, కనీసం 60 శాతం తాగునీరు, వైద్యం, చదువు వంటివాటికే ఖర్చు చేయాలని రాసుకున్నరు. పలిమెల, మహాముత్తారం అడవి పల్లెల బడులకు అందులకెళ్లి ఎంత పోయింది? గ్రామసభల చదివి వినిపించాలె. వినిపించకుంటే సమాచార హక్కు దరఖాస్తుకు జిల్లా ఆఫీసుల పది రూపాయలే, 30 రోజులల్ల జవాబియ్యాలె. విద్యార్థులు రాయుండ్రి, ఉద్యోగులు ఫారం నింపుడు నేర్పుండ్రి. మూడు జిల్లాల జవాబులు ఒక్కకాడ పెట్టి చూద్దాం.