సిగ్నల్ లైటు కోసం అర్జీ

నల్లచెరువులాంటి మండల కేంద్రంలో బడి వదిలే వేళకు రోడ్డు దాటడం పిల్లలకు గండమే. సిగ్నల్ కావాలి సరే, ఎవరిని అడగాలి? ఊరి రోడ్డయితే పంచాయతీని, జిల్లా రోడ్డయితే ఆర్ అండ్ బీని, జాతీయ రహదారయితే దాని అధికారులను.

ముందు గ్రామసభలో తీర్మానం చేయించండి. తర్వాత సోమవారం జిల్లా కేంద్రం పుట్టపర్తి కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి, రసీదు తీసుకోండి. 'ప్రమాదకరంగా ఉంది' అని రాస్తే చాలదు. ఏ కూడలి, ఏ వేళ, గంటకు ఎన్ని బండ్లు, ఎంతమంది దాటుతున్నారు, పోలీస్ స్టేషన్‌లో నమోదైన ప్రమాదాలెన్ని, అన్నీ రాసి ఫొటోలు జతచేయండి. ఇంజనీర్లు చూసేది ఈ లెక్కలే.

సిగ్నల్‌కు రద్దీ చాలదంటే జీబ్రా గీతలు, పసుపు బ్లింకర్ లైటు, వేగ పరిమితి బోర్డు అడగండి. వాటికి ఖర్చూ తక్కువే.