నెలలు నిండని బిడ్డకు రక్త పరీక్ష ఎందుకు?

(తనకల్లులో మహిళా సంఘాల సభ్యుల ముందు చేసిన ప్రసంగం)



నెలలు నిండకముందే బిడ్డను కన్న తల్లి ఒకామె నన్ను ఇట్లా అడిగింది. "పిడికెడంత బిడ్డ. పాలు చప్పరించే సత్తువ కూడా లేదు. అట్లాంటి బిడ్డకు సూది గుచ్చి రక్తం ఎందుకు తీస్తారు? నిన్న తీసినారు. ఈ పొద్దు మళ్ళీ తీసినారు. నేను నా బిడ్డను ఇంటికి తీసుకుపోతా" అనింది.

ఆ తల్లి బాధలో న్యాయం ఉంది. కిలో బరువున్న బిడ్డ ఒంట్లో ఉండే రక్తమంతా 80, 90 మిల్లీలీటర్లే. చిన్న టీ గ్లాసంత. అందుకే డాక్టర్లు కూడా కొంచెం కొంచెమే తీస్తారు. మరి ఆ కొంచెంలో ఏం చూస్తారు? ఈ రోజు అదే చెప్పుకుందాం.

బిడ్డ తల్లి కడుపులో సుమారు 40 వారాలు పెరగాలి. 37 వారాలు నిండకముందే పుడితే నెలలు నిండని బిడ్డ అంటాము. 2020లో ప్రపంచంలో పుట్టిన ప్రతి 10 మంది బిడ్డల్లో సుమారు ఒకరు ఇట్లా ముందే పుట్టారు. ఇది తల్లి చేసిన పాపం కాదు. "ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు" అని కొందరు పెద్దవాళ్ళు అంటారు. అది నిజం కాదు. కడుపులో ఒక్కో వారం ఎక్కువ పెరిగితే బిడ్డకు అంత మేలు.

వేరుసెనగ పంట మనకు తెలుసు. ముందే పీకితే కాయలో గింజ నిండదు. బిడ్డ మెదడు కూడా అంతే. మెదడులో సన్నని నరాల తీగలు ఉంటాయి. కరెంటు తీగకు తొడుగు ఉన్నట్టే వీటికీ తొడుగు కావాలి. ఆ తొడుగును తయారుచేసే కణాలు నెలలు నిండని బిడ్డలో ఇంకా లేతగా ఉంటాయి.

కాలికి ముల్లు దిగితే ఏమవుతుంది? ఎర్రబడుతుంది. వాస్తుంది. సలుపుతుంది. అంటే మన ఒళ్ళు క్రిములతో పోట్లాడుతోందన్న మాట. ఈ పోట్లాట మంచిదే. కానీ నెలలు నిండని బిడ్డలో ఇది రక్తంతో పాటు ఒళ్ళంతా పాకవచ్చు. రోజుల తరబడి సాగితే మెదడులోని లేత కణాలు దెబ్బతినవచ్చు. పైకి పుండు కనపడదు. వాపు కనపడదు. జ్వరం కూడా రాకపోవచ్చు. ఒళ్ళు చల్లబడి, బిడ్డ మెత్తబడిపోతుంది. చూసేవాళ్ళు "నిద్రపోతోందిలే" అనుకుంటారు.

కంటికి కనపడనిది రక్తంలో కనపడుతుంది. ఒంట్లో ఇట్లాంటి వాపు మొదలైతే కాలేయం ఒక పదార్థాన్ని రక్తంలోకి వదులుతుంది. దాని పేరు సి.ఆర్.పి. 1930లో అమెరికాలో న్యుమోనియా రోగుల రక్తంలో దీన్ని మొదట గుర్తించారు. క్రిములు చేరిన వెంటనే ఇది పెరగదు. కొన్ని గంటలు పడుతుంది. ఈ రోజు ఏమీ లేదని వచ్చినా, రేపు తెలియవచ్చు. రెండోసారి రక్తం తీసేది అందుకే.

అమెరికాలోనే 2002 నుంచి 2004 వరకు 14 ఆస్పత్రుల్లో ఒక పెద్ద పరిశోధన చేశారు. 28 వారాలకన్నా ముందే పుట్టిన బిడ్డలను చూశారు. మొదటి రోజు, ఏడో రోజు, పద్నాలుగో రోజు రక్తపు చుక్కలను కాగితం మీద ఆరబెట్టి పరీక్షించారు. బిడ్డలు పెరిగేదాకా గమనించారు. వాపు గుర్తులు ఒక్క రోజు కాక, వారం తేడాతో మళ్ళీ మళ్ళీ ఎక్కువగా కనపడిన బిడ్డల్లో నడక, తెలివి వెనకబడడం ఎక్కువగా ఉంది. అందరిలోనూ కాదు.

కాబట్టి సి.ఆర్.పి. ఎక్కువ ఉందంటే మెదడు పోయిందని ఏడవవద్దు. ఆ ఒక్క పరీక్షతో అట్లా చెప్పలేరు. బిడ్డ నడినెత్తిన మాడు మెత్తగా ఉంటుంది కదా! అక్కడ స్కానింగ్ పెట్టి మెదడును చూస్తారు. నొప్పి ఉండదు. రక్త పరీక్ష చేసే మేలు ఏమంటే, మందు వేళకు పడుతుంది. ఆ మేలు పోగొట్టుకోవద్దు. డాక్టరు పొమ్మనేదాకా బిడ్డను ఇంటికి తేవద్దు. "ఈ పరీక్ష ఎందుకు సార్? ఏమొచ్చింది?" అని అడగండి. అడగడం మన హక్కు.

తల్లి చేయగలిగిన పని కూడా ఉంది. చేతులు సబ్బుతో కడుక్కోవాలి. తల్లిపాలే పట్టాలి. డాక్టరు సరేనంటే బిడ్డను బట్టల్లేకుండా రొమ్ముల మధ్య ఆనించి, పైన గుడ్డ కప్పుకోవాలి. కంగారూ జంతువు తన పిల్లను మోసినట్టన్న మాట. 1978లో కొలంబియా దేశంలో ఈ పద్ధతి మొదలైంది. బిడ్డకు వెచ్చన. క్రిముల బాధా తగ్గుతుంది.

ఇంటికి వచ్చినాక బిడ్డ పాలు తాగకపోయినా, ఒళ్ళు చల్లబడినా, కాలినా, డొక్కలు ఎగరేసినా, ఫిట్స్ వచ్చినా తెల్లవారేదాకా ఆగవద్దు. 108కి ఫోన్ చేయండి. కదిరికి పోయినా, అక్కడి నుంచి అనంతపురానికి పంపినా, దారిలో బిడ్డను ఒంటికి ఆనించుకునే ఉండండి. 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆస్పత్రిలో జబ్బు చేసిన పసిబిడ్డకు పరీక్షలు, మందులు, బండి ఉచితం.

చివరిగా ఒక మాట. ఇంటికి పంపేటప్పుడు ఆస్పత్రిలో ఒక కాగితం ఇస్తారు. దాన్ని దూలంలో చెక్కి మరచిపోవద్దు. మనకిప్పుడు చదువు వచ్చింది. అందులో బిడ్డ బరువు చదవండి. మళ్ళీ రమ్మన్న తేదీ చదవండి. ఆ తేదీకి తప్పక పోండి. మెడ నిలవడం ఆలస్యమైనా, కాళ్ళు బిగుసుకున్నా డాక్టరుకు చెప్పండి. ముందుగా తెలిస్తే వ్యాయామాలతో బిడ్డకు చాలా మేలు జరుగుతుంది.

రక్తంలో ఉన్నది డాక్టరు చదువుతాడు. కాగితంలో ఉన్నది మనం చదవాలి. ఇద్దరూ చదివితేనే బిడ్డకు మేలు.