మూడు గోల్స్ జిమ్మీ క్విన్

1904 ఏప్రిల్‌లో గ్లాస్గోలోని హాంప్‌డెన్ పార్క్‌లో స్కాటిష్ కప్ ఫుట్‌బాల్ ఫైనల్. సెల్టిక్‌పై రేంజర్స్ అప్పటికే రెండు గోల్స్ కొట్టేసింది. మామూలుగా ఎడమ అంచున ఆడే జిమ్మీ క్విన్‌ని ఆ రోజు సెంటర్ ఫార్వర్డ్‌గా దింపారు. ఒక్కడే మూడు కొట్టాడు; కప్పు సెల్టిక్‌ది.

క్రాయ్ అనే గనుల ఊరివాడు, బొగ్గు తవ్విన ఒళ్లు. బంతి దొరికితే భుజంతో నెట్టుకుంటూ దూసుకుపోయేవాడు. బంతి పట్టుకున్న గోల్‌కీపర్‌ని భుజంతో గుద్దినా ఆనాటి నిబంధనల్లో తప్పు లేదు! గోల్‌కీపర్ల పాట్లు మనం ఊహించుకోవలసిందే. 1905లో రేంజర్స్‌తో కప్ సెమీఫైనల్లో రెఫరీ అతన్ని బయటికి పంపితే, అభిమానులు మైదానంలోకి ఉరికారు. సెల్టిక్ 1905 నుంచి 1910 దాకా వరసగా ఆరుసార్లు లీగ్ గెలిచింది. ఆ జట్టుకు ముందు వరుసలో క్విన్. సెల్టిక్‌కి అతను కొట్టిన గోల్స్ రెండొందలు దాటాయి.