మాట వైద్యమునకు కావలసిన చదువు

మాటయే జీవనాధారముగా గల మావంటివారము, మాట పెగలనివారిని గూర్చి తలచుకొనుట తక్కువ. అట్టివారికి తోడ్పడు విద్యను స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజీ అందురు. మనము దానిని మాట వైద్యమని చెప్పుకొనవచ్చును.

నత్తిని మాన్పుటయే ఈ విద్య యని పలువురి తలంపు. అది ఇందొక భాగము మాత్రమే. పారిస్ నగరమున ఒక రోగి ఎదుటివారు చెప్పినది చాలవరకు గ్రహించెడివాడు. నోరు తెరచిన మాత్రము "టాన్" అను పలుకే వచ్చెడిది. 1861లో అతడు మరణించిన పిదప పాల్ బ్రోకా అను శస్త్రవైద్యుడు పరీక్షింపగా, మెదడున ఎడమవైపు ముందుభాగము చెడియుండుట కనబడెను. పక్షవాతము వచ్చిన ఇంటిపెద్ద నీళ్లడుగబోయి "తలుపు" అన్నచో, మతి చలించినదని ఇంటిల్లిపాదియు కన్నీరు పెట్టుకొందురు. మతి చలించి యుండకపోవచ్చును. మాట దారి తప్పియుండవచ్చును. ఆ భేదము కనిపెట్టుటకే చదువు కావలెను.

మన దేశమున ఈ చదువునకు పేరొందిన స్థానము, మైసూరులో 1965లో వెలసిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ. ముంబయిలో 1983లో ఏర్పడిన జాతీయ సంస్థ, ఒకప్పుడు ఉస్మానియా వైస్ ఛాన్సలరుగా నుండిన అలీ యావర్ జంగ్ పేరు దాల్చినది. దానికి సికింద్రాబాదులో ప్రాంతీయ కేంద్రము కలదు. ఇంటర్మీడియెట్ పిదప నాలుగేండ్ల పట్టము, అందొక యేడు రోగుల నడుమ అభ్యాసము. ఆపైన రెండేండ్ల ఎం.ఎస్‌సి. మెదడు, కంఠము, ధ్వని, భాష, తుదకు మ్రింగుటలోని ఇబ్బందియు ఇందు పాఠ్యాంశములే.

అసలు చిక్కు వేరొకటి. పాఠ్యగ్రంథములు ఇంగ్లీషువి, ఎదుట కూర్చున్న బిడ్డ మాట తెలుగు. మూడేండ్ల పిల్లవాడు "రాముడు"ను "లాముడు" అనుట వయోధర్మము. ఏడేండ్లు వచ్చినను అట్లే యన్నచో చూపింపవలెను. ఇంటిల్లిపాదియు "నీళ్లు"ను "నీల్లు" అనుచోట పిల్లవాడును అట్లే యన్నచో అది యాస, వ్యాధి కాదు. "భాష" "బాస" అయినను అంతే. మా స్టూడియోలో దానిని దిద్దుదుము గాని, అది మా పట్టింపు. వైద్యుని పట్టింపు కారాదు. ఈ వివేకము లేనివాడు అక్కరలేని బిడ్డకు నెలల తరబడి అభ్యాసము చేయించును. అక్కరగల బిడ్డను యాసయని పంపివేయును. కావున ఈ పట్టమునకు పోవు తెలుగు విద్యార్థి మన ఊళ్ల పలుకుబళ్లను చెవియొగ్గి వినవలెను. తెలుగు బిడ్డకు తెలుగులోనే పరీక్షలు కూర్చవలెను.

బిడ్డకు మాట ఆలస్యమైనచో ఇంట తెలుగు మానుడని సలహా ఇచ్చువారు నేటికిని కలరు. రెండు భాషలు వినుటవలన మాట దోషము పుట్టదు. రెండేండ్లు నిండినను రెండు మాటలు కలిపి పలుకనిచో, "వాళ్ల నాన్నకును ఆలస్యముగనే వచ్చినవి" అని ఊరకుండక, ముందుగా చెవి పరీక్ష చేయింపుడు. మాట నేర్పువాడు భారత పునరావాస మండలిలో నమోదైనవాడా యని అడుగుటకు సంకోచింపకుడు. అది 1992 నాటి చట్టము విధించిన నియమము.