దేవుడి పేరు లేని పెళ్లి

జంషెడ్‌పూర్‌లో మన సోనారి దోముహానీ దగ్గర ఖర్కాయి వచ్చి సువర్ణరేఖలో కలుస్తుంది. ఛఠ్ పండక్కి ఆ నీళ్లలో నిలబడి సూర్యుడికి అర్ఘ్యమిచ్చేవాళ్లలో మర్నాడు కార్ఖానాలో మిల్లీమీటర్లు కొలిచేవాళ్లూ ఉంటారు. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇముడుతాయి?

ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు గోరా గుర్తొస్తారు. అసలు పేరు గోపరాజు రామచంద్రరావు. 1902లో ఛత్రపురంలో పుట్టారు, వృక్షశాస్త్రం బోధించారు, 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. అయినా ఆయన పరమ భక్తుడైన గాంధీజీతో చర్చలు జరిపారు! దేవుడి మాట తేలలేదు. అంటరానితనం పోవాలన్న దగ్గర మాత్రం ఇద్దరిదీ ఒకే దారి.

గోరా తమ పెద్దమ్మాయిని దళిత యువకుడికిచ్చి చెయ్యదలిచారు. తన సేవాగ్రామ ఆశ్రమంలో తానే జరిపిస్తానన్నారు గాంధీజీ. పెళ్లి ప్రమాణంలో దేవుడికి బదులు సత్యం పేరు చెప్పడానికీ సమ్మతించారు. సత్యమే దైవమని 1931 నాటికే ఆయన అంటున్నారు కదా! ఓడిందెవరు అంటే నేను చెప్పలేను.

1948 జనవరిలో గాంధీజీ హత్య జరిగింది. మార్చిలో, అనుకున్నట్టే సేవాగ్రామంలో, ఆ పెళ్లి జరిగింది.