జీవో 97, మన గ్రామసభ



బాక్సైట్ కంపెనీలవాళ్లు ధర్నా చేయడం మనమెప్పుడూ చూడలేదు. వాళ్ల పని ఆఫీసు గదుల్లో, ఫైళ్లలో జరిగిపోతుంది. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతర ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు చెల్లవని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే తర్వాత ప్రభుత్వ సంస్థ ఏపీఎండీసీని ముందు పెట్టారు. 2015 నవంబరులో చింతపల్లి అడవుల్లో తవ్వకాలకు జీవో 97 తెచ్చారు. మనవాళ్లు రోడ్డెక్కారు. 2019లో అది రద్దయింది.

నేను వార్డెన్ని, రోడ్డెక్కలేను. ఉద్యోగం మరి! మా హాస్టల్ ఆడపిల్లలకు మాత్రం స్టడీ అవర్లో జీవో చదవడం, గ్రామసభ తీర్మానం రాయడం నేర్పుతున్నాను. నోటితో చెప్పింది ఫైలుకెక్కదు కదా. మొన్న తొమ్మిదో తరగతి పిల్ల, "మేడమ్, తీర్మానం నకలు మన దగ్గర ఉంచుకోవాలా?" అని అడిగింది.

ఉంచుకోవాలమ్మా. తేదీతో, సంతకాలతో సహా.