రెండున్నర సెంట్ల లెక్క



గుడుపల్లె మండలంలో పుట్టినోళ్లకు కరువు గురించి చెప్పాల్సిన పనిలేదు. అందుకే ఈరోజు నేను లెక్క చెప్తా. డిగ్రీలు చదివినాం కదా, ఒకసారి మన చేలో పడే వానకు మనమే లెక్క గడదాం.

ఎకరా నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే సుమారు 4,000 లీటర్లు. 25 మిల్లీమీటర్లు పడితే లక్ష లీటర్లు. గట్టి వాన ఒకటి చాలు. కానీ మనవి మిట్ట చేలు, రాతి నేలలు. ఆ నీళ్లలో చాలా భాగం మన పైమట్టిని కూడా ఎత్తుకుని వంకలోకి పోతాయి.

ఇప్పుడు ఒక సేద్యపు కుంట తీసుకోండి. పైన పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల లోతు. అంచులు వాలుగా తవ్వాలి కాబట్టి సుమారు లక్షా 30 వేల లీటర్లు పడతాయి. దానికి పోయే నేల రెండున్నర సెంట్లు, కట్టకు ఇంకొంచెం. ఎకరాకు 20 మిల్లీమీటర్ల తడి ఇయ్యాలంటే 80 వేల లీటర్లు కావాలి. ఇంకిపోయేది, ఆవిరయ్యేది తీసేసినా, వెంటనే వాడుకుంటే ఒకసారి నిండిన కుంట ఎకరాకు ఒక తడి ఇస్తుంది. 5,000 లీటర్ల ట్యాంకర్లయితే పదహారు. మీ ఊళ్లో ట్యాంకర్ రేటు ఎంతో మీరే హెచ్చవేసుకోండి.

అసలు విలువ అంతకంటే పెద్దది. చెనిక్కాయ ఊడలు దిగేటప్పుడు ఇరవై రోజులు బెట్ట పెడితే ఏమవుతుందో మీ ఇంట్లో అడగండి. విత్తనం, దున్నకం, కూలి, వడ్డీకి తెచ్చిన డబ్బు అన్నీ ఆ ఇరవై రోజుల్లోనే పోతాయి. ఆ ఒక్క తడి వాటన్నిటినీ కాపాడుతుంది.

వాతావరణ మార్పు అంటే ఎక్కడో మంచు కరగడం మాత్రమే కాదప్పా. వాన వస్తే కుండపోత, లేకుంటే నెలంతా ఎండ. 2018లో రాయలసీమ కరువు చూసినాం. 2021 నవంబరులో అదే సీమలో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. పడినప్పుడు పట్టుకోవడం, లేనప్పుడు వాడుకోవడం తప్ప మెట్ట రైతుకు ఇంకో దారి తక్కువ.

మా ఇంటి సంగతి చెప్తా. మా నాయన చేలో కుంట తవ్వడానికి మిషన్ వచ్చింది. మిషన్ తిరగడానికి వీలుందని రోడ్డు పక్కన మిట్ట మీద తవ్వి పోయినారు. మూడేళ్లు అది ఎండిన గొయ్యే. మా అవ్వ ఆ రోజే చెప్పింది, "నీళ్లు ఆ మూలకు పారతాయిరా" అని. ఎవరూ వినలేదు, చదువుకున్న నేను కూడా. తర్వాత ఇంటిల్లిపాదీ ఆ మూలనే చిన్న కుంట తవ్వుకున్నాం. ఆ ఏడు దాంట్లో నీళ్లతోనే అరెకరా చెనిక్కాయ దక్కింది.

ఇంకో మాట. మన కుంటలో ఇంకిన నీళ్లు కింద పొలాల బోర్లకు చేరతాయి. మంచిదే, చేరనీ. కానీ నేల పోయింది మనది, ఊరిన నీళ్లు ఊరివి. అప్పుడు కుంట ఖర్చు మన ఒక్కరి నెత్తిన ఎట్లా పెడతారు? ఇది మనం అడుక్కునే సాయం కాదు, ఊరికి మనం చేసే పనికి ప్రతిఫలం.

మన జిల్లా అయిదో షెడ్యూల్డు ప్రాంతం కాదు, పెసా చట్టం ఇక్కడ వర్తించదు. యానాది, ఎరుకల, సుగాలి కుటుంబాల చేతిలో ఉన్నది డీకేటీ పట్టా, గ్రామసభలో నోరు. 2005 ఉపాధి హామీ చట్టం ఎస్సీ, ఎస్టీల సొంత భూముల్లో కుంటలకు దారి తెరిచింది. తర్వాత మన రాష్ట్రంలో 'పంట సంజీవని' పేరుతో లక్షల్లో కుంటల లక్ష్యం పెట్టుకున్నారు. లక్ష్యం కాగితం మీద ఉంటే చాలదు, వాలు ఎటుందో చూసి తవ్వాలి.

హంద్రీ-నీవా కాలువ వచ్చింది కదా అంటారు. రానీ, సంతోషం. కానీ కాలువ నీళ్లు వాటంతట అవి మన మిట్టలెక్కవు. మహారాష్ట్రలో కొందరు రైతులు కుంటలకు ప్లాస్టిక్ పట్టా పరిచి, బోరు నీళ్లు తోడి నింపినారు. భూమిలో దాగిన నీళ్లను తెచ్చి ఎండకు పెట్టినట్టయింది. మన కుంట వాన నీళ్లకే ఉండాలి.

కాబట్టి ఈసారి గ్రామసభకు మనం గుంపుగా పోదాం. చోటు రైతు చూపించాలి, ముఖ్యంగా మన అవ్వలు, అమ్మలు. తవ్వకం కూలి మన చేతికే రావాలి. నీళ్లు చేనుకు ఎక్కించడానికి ఇంజిను, పైపులు కలిపి ఇయ్యాలి. ఏటా పూడిక తీయడానికి పని దినాలు రాయాలి. ఈ నాలుగూ అర్జీలో రాసి, రసీదు తీసుకుని రండి.

వాన మన చేతిలో లేదు. పడిన వాన ఎక్కడ నిలవాలో చెప్పే హక్కు మనకుంది.

జై ఆదివాసీ.